పట్టుకోవడానికి చోటేదీ?

లైటు ఆర్పమని అక్క విసుక్కుంటోంది. ఇది రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

ఇవాళ కూడా అదే గొడవ. మెటల్ త్రీడీ ప్రింటింగ్‌లో చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ పార్టు ఒకటి నా మిల్లింగ్ మెషిన్ దగ్గరికి చెక్కడానికి వచ్చింది. ఒళ్లంతా గరుకు, చదునైన ముఖం ఒక్కటీ లేదు. ఎక్కడ బిగించాలి? కొలతలు మొదలుపెట్టే సున్నా ఎక్కడ పెట్టాలి? అడిగితే డిజైన్ వాళ్లు "ఆకారం వచ్చేసిందిగా, ఫినిషింగే కదా మిగిలింది" అన్నారు. ఒళ్లు మండింది. ఫ్లాంజ్ (బయటికి పొడుచుకొచ్చిన అంచు) మీద ఒక పక్క అర మిల్లీమీటరు మెటీరియల్ ఉంది, ఇంకో పక్క చెక్కడానికి ఏమీ లేదు. ప్రింట్ చేసిన ప్లేటు నుంచి కోసే ముందు స్ట్రెస్ రిలీవ్ (వేడి చేసి లోపలి ఒత్తిడి తగ్గించడం) చేశారో లేదో చెప్పేవాళ్లు లేరు. చేయకపోతే లోపలి ఒత్తిడికి పార్టు కోయగానే వంగిపోవచ్చు.

ట్రైనింగ్‌లో మాస్టారు గుర్తొచ్చారు. "ముందు ఒక ముఖం తియ్యి. మిగతావన్నీ దాన్నడిగి చెయ్యి" అనేవారు. టేబుల్ తుడిపించి, వేలితో తడమమనేవారు. చెక్కాల్సిన ముక్కని బిగించాక దాని కింద పెట్టిన కాగితం ముక్కని లాగి చూసేవారు. ఊడొచ్చిందా, మొత్తం విప్పి మళ్లీ మొదలు! ముక్క సరిగ్గా కూర్చుందో చూపే డయల్ సూది నిలకడగా నిలిచేదాకా కటర్ తాకనిచ్చేవారు కాదు. అప్పట్లో ఆయన మీద ఎంత కోపమొచ్చేదో.

ప్రింటింగూ చెక్కుడూ రెండూ చేసే హైబ్రిడ్ మెషిన్ ఉంటే ఈ బాధే ఉండదని రాద్దామని కూర్చున్నాను. లేజర్ లోహపు పౌడర్‌ని కరిగించి పోస్తుంది, తర్వాత కటర్‌ని తిప్పే స్పిండిల్ అందుకుంటుంది. పార్టు విప్పక్కర్లేదు, సున్నా మారదు. కానీ రాస్తుంటే అంత సులువు కాదనిపిస్తోంది. 100 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ముక్క 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 80 మైక్రాన్లు (0.08 మిల్లీమీటర్లు) సాగుతుంది. వేడి మీద చెక్కితే చల్లారాక సైజు తప్పుతుంది. చల్లారేదాకా ఆగితే స్పిండిల్ ఖాళీగా ఉంటుంది. చల్లబరిచే ద్రవం, కూలెంట్ వాడితే, మళ్లీ లోహం పోసే ముందు తడి లేకుండా తుడవాలి.

హైబ్రిడ్ మెషిన్ అసలు బలం వేరే చోట ఉంది. జపాన్ కంపెనీ మత్సురా వాళ్ల ల్యూమెక్స్ మెషిన్ కొన్ని పొరలు కరిగించి, కటర్‌తో అంచులు తీసి, మళ్లీ పొరలు వేస్తుంది. తర్వాత మూసుకుపోయే లోపలి దారులని నునుపు చేయాలంటే కటర్ వెళ్లగలిగేది ఆ మధ్యలోనే. నా పార్టులో అలాంటిదేమీ లేదు. బిగించడానికి మూడు చిన్న దిమ్మెలు ప్రింట్ చేసి ఇస్తే చాలు.

సాఫ్ట్ జాస్‌ని (బిగించే మెత్తటి లోహపు దవడలని) ఆ ఆకారానికి చెక్కి పట్టిస్తే సాయంత్రానికి పార్టులోని బోరు (గుండ్రటి రంధ్రం) సైజుకొచ్చింది. సంతోషమే. ఫ్లాంజ్ మాత్రం అలాగే ఉంది. దిమ్మెలు ఎక్కడ కావాలో గీసి పెట్టాను. పొద్దున్నే డిజైన్ వాళ్ల దగ్గరికి వెళ్తాను. ఫ్లాంజ్ మీద ఒక మిల్లీమీటరు అదనంగా ఇమ్మని కూడా అడగాలి.