39 సెకన్ల తేడా

మొన్న ఆదివారం మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు. "మామా, స్పోర్ట్స్ కార్ల పని అయిపోయింది. లాంబోర్గిని వాళ్ల ఎస్‌యూవీ ఉరుస్ 3.6 సెకన్లలో వంద కిలోమీటర్ల స్పీడు అందుకుంటుంది. ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, లగేజీ పడుతుంది, గుంతల్లోనూ పోతుంది. ఇంక రెండు డోర్ల కారు ఎవరికి కావాలి?" ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా మాట్లాడుకున్నాం. వాడు బస్సెక్కేశాడు గానీ నాకు చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాది రేణిగుంట రోడ్డులో టైర్ల షాపు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా చేస్తాం. కొత్త బండి కొన్నవాళ్లు బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ అలిపిరి దగ్గరికి తెచ్చి పూజ చేయించుకుంటారు కాబట్టి, మన ఊళ్లో మామూలుగా కనబడని కార్లు కూడా అప్పుడప్పుడూ మేకు దిగో, గాలి తగ్గో మా షాపు ముందు ఆగుతాయి. నేను బండిని చూసేది టైరు నుంచి పైకి. బ్రోషర్‌లో ఏం రాసినా చివరికి రోడ్డుని పట్టుకునేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే కదా.

మా అల్లుడు చెప్పే 3.6 సెకన్లు నిజమే. పికప్‌లో ఎస్‌యూవీలు స్పోర్ట్స్ కార్లని అందుకున్నాయి, కొన్నిచోట్ల దాటేశాయి కూడా. కానీ ఒకే కంపెనీ రెండు బండ్లని పక్కపక్కన పెట్టి చూడండి. పోర్షే 2021లో తెచ్చిన కయెన్ టర్బో జీటీ అనే ఎస్‌యూవీ 640 హార్స్‌పవర్, అదే ఏడాది వచ్చిన 911 జీటీ3 అనే స్పోర్ట్స్ కారు 510 హార్స్‌పవర్. సున్నా నుంచి వందకి కయెన్‌కి 3.3 సెకన్లు, జీటీ3 ఆటోమేటిక్‌కి 3.4. అంటే ఎస్‌యూవీదే గెలుపు. ఇప్పుడు అవే రెండిటినీ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లండి, ఒక్క చుట్టు దాదాపు 20.8 కిలోమీటర్లు, ఎత్తులు, పల్లాలు, మలుపు మీద మలుపు. లార్స్ కెర్న్ అనే పోర్షే టెస్ట్ డ్రైవరే రెండిటినీ నడిపాడు. కయెన్‌కి 7 నిమిషాల 38.9 సెకన్లు పట్టింది, జీటీ3కి 6 నిమిషాల 59.9. 130 హార్స్‌పవర్ ఎక్కువున్న బండి 39 సెకన్లు వెనకబడింది!

ఆ 39 సెకన్లు ఎక్కడ పోయాయంటే, ముఖ్యంగా బరువులో పోయాయి. కయెన్ టర్బో జీటీ 2,220 కిలోలు, జీటీ3 1,435 కిలోలు. తేడా ఒక ఆల్టో కారంత. తిన్నని రోడ్డు మీద ఆ బరువుని ఇంజిన్ లాగేస్తుంది, నాలుగు చక్రాలకీ పవర్ పోతుంది కాబట్టి చక్రం జారకుండా బాణంలా దూసుకుపోతుంది. మలుపు దగ్గరకొచ్చేసరికి అలా కుదరదు. ఒకే స్పీడులో వెళ్తున్నా బరువైన బండిని ఆపడానికి బ్రేకులు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తిని వేడిగా మార్చాలి. ఉరుస్‌కి ముందు చక్రాల్లో 440 మిల్లీమీటర్ల కార్బన్ సిరామిక్ డిస్కులు పెట్టింది అందుకే. మా షాపులో చిన్న కార్ల రిమ్ములు చాలా వరకు ఆ డిస్కు కన్నా చిన్నవి.

తిరుమల కొండ దిగి వచ్చిన బండ్లని చూస్తే బరువంటే ఏమిటో ఇంకా బాగా తెలుస్తుంది. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే. కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఉంది, అది చాలా మంచి నియమం, అక్కడ ఎవరూ రేసు పెట్టకూడదు. అంత నెమ్మదిగా దిగినా, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టుకుని వచ్చిన పెద్ద బండి మా షాపు ముందు ఆగితే కాలిన వాసన ముందొస్తుంది, మనిషి తర్వాత దిగుతాడు.

ఈ కొత్త ఎస్‌యూవీల్లో మలుపులో బండి ఒరగకుండా 48 వోల్టుల మోటార్లతో తిరిగే కడ్డీలు ఉంటాయి, వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరుగుతాయి. అలాంటి బండిలో ఒకసారి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు దాకా పక్క సీట్లో వెళ్లాను. అంత ఎత్తున కూర్చుని కూడా ఎక్కడా ఊగలేదు, నిజంగా ఆశ్చర్యపోయాను. చేసిన ఇంజనీర్లకి దణ్ణం పెట్టాలి. కానీ ఒరగనంత మాత్రాన బరువు మాయం కాదు. ఏడెనిమిది నెలల తర్వాత అదే బండి టైర్లు మార్చడానికి వస్తే ముందు రెండూ బయటి అంచు మొత్తం తినేసి ఉన్నాయి, అలైన్‌మెంట్ చూస్తే సరిగ్గానే ఉంది. డ్రైవర్‌కి తెలియకుండా కంప్యూటర్ దాచిన బరువంతా ఆ అంచే మోసింది.

స్పోర్ట్స్ కారు దాచదు. చెన్నై నుంచి ఒక పెద్దాయన 911లో వచ్చారు, పంక్చర్ వేసి అలైన్‌మెంట్ చేశాక "కూర్చో నాయనా, నువ్వే నడిపి చూడు" అన్నారు. కరకంబాడి రోడ్డులో పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేదు, స్పీడుగా కూడా పోలేదు. అయినా రోడ్డు మీద ప్యాచ్ వేసిన చోటల్లా స్టీరింగ్‌లో చేతికి తగిలింది. ఇంజిన్ వెనకుంది కాబట్టి ముందు భాగం తేలిగ్గా ఉంటుంది, మలుపులో బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకుని బండిని మలుపు దాటించి ముందుకు నెట్టేస్తాయి. 40లో వెళ్తున్నా ఆ సంతోషం ఉంది. నేను అల్లుడికి మాటల్లో చెప్పలేకపోయింది ఇదే.

అదే ప్రయాణంలో స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడు బండిని వంకరగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కించాల్సి వచ్చింది, బంపర్ కింద గీసుకుంటుందేమోనని ప్రాణం పోయింది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మని అందులో కూర్చోబెట్టి దించాలంటే ఇద్దరం కావాలి. మా అల్లుడి మాటలోనూ న్యాయం ఉంది, కాదనను.

ఎస్‌యూవీలని తిట్టే స్పోర్ట్స్ కారు ప్రేమికులతోనూ నాకు పేచీ ఉంది. 2002లో కయెన్ వచ్చినప్పుడు పోర్షే పరువు పోయిందన్నారు. ఆ కయెన్ తెచ్చిన డబ్బే కంపెనీకి ఊపిరి పోసింది, 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే జీటీ3 లాంటి ఇంజిన్లని ఇంకా చేస్తున్నారంటే అందులో దాని వాటా ఉంది. లాంబోర్గిని 2017లో ప్రపంచం మొత్తం మీద 3,815 కార్లు అమ్మింది, ఉరుస్ వచ్చాక 2019లో 8,205. ఫెరారీ కూడా 2022లో పురోసాంగ్వే తెచ్చింది, 725 హార్స్‌పవర్, పన్నెండు సిలిండర్ల వీ12 ఇంజిన్. దాన్ని ఎస్‌యూవీ అనడానికి వాళ్లు ఒప్పుకోరు, మొత్తం ఉత్పత్తిలో 20 శాతం దాటనివ్వమని కూడా చెప్పారు. ఆ హద్దు పెట్టుకోవడం నాకు చాలా నచ్చింది. ఇల్లు గడవడానికి ఒకటి చేస్తున్నా, అసలు పని మరిచిపోకూడదన్న జాగ్రత్త అందులో ఉంది.

కాబట్టి కుటుంబంతో దూరం వెళ్లేవాళ్లు ఎస్‌యూవీ కొనుక్కోండి, హాయిగా తిరగండి. "స్పోర్ట్స్ కారు చేసేదంతా ఇదీ చేస్తుంది" అని మాత్రం అనకండి. ఇంకో మాట, ఆ 22 అంగుళాల టైర్లకి సైడ్‌వాల్, అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండే రబ్బరు గోడ, చాలా తక్కువ, మన రోడ్ల గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది, గాలి వారం వారం చూపించుకోండి.

అల్లుడికి నిన్న ఫోన్ చేశాను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి ఈసారి ఇద్దరం వెళ్దామన్నాను. తిన్నగా ఉన్నచోట కాదు, మలుపు దగ్గర నిలబడి చూద్దాం అన్నాను. "సరే మామా, కానీ నేనేమీ ఒప్పుకోలేదు" అన్నాడు.