హంద్రీ ఒడ్డున స్థలం, దస్తావేజులో లేని నీటి గుర్తు

కర్నూలు పాతబస్తీలోని మా బట్టల దుకాణం లోపలి గోడపై, నా తలకు రెండడుగుల పైన, జానెడు వెడల్పున రంగు వేయని పట్టీ ఒకటి ఉంది. 2009 అక్టోబరు 2న నీళ్లు వచ్చి నిలిచిన ఎత్తు అది. ఎన్నిసార్లు రంగులు వేయించినా దానిని మాత్రం ముట్టవద్దని మా నాయన పనివాళ్లకు చెప్పేవారు.

ఉత్తర కర్ణాటకలోనూ మన జిల్లాలోనూ ఒకే సమయంలో కుంభవృష్టి కురవడంతో ఆనాడు తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగాయి. తుంగభద్రే ఒడ్లు దాటి పారుతున్నప్పుడు హంద్రీ నీళ్లకు అందులో కలిసే దారి లేక, అవి వెనక్కి తన్ని జోహరాపురం, బుధవారపేటలను ముంచేశాయి. ఆ రోజుల్లోనే దిగువన శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం చేరింది.

బ్యాంకు అప్పు ఉన్నందువల్ల మా సరుకుపై అగ్నిప్రమాద పాలసీ ఉండేది. మన దేశంలో తుఫాను, వరద, ముంపులకు రక్షణ సాధారణంగా అగ్ని బీమాలో భాగంగానే వస్తుందన్న సంగతి మాకు నీళ్లు తీశాకే తెలిసింది. 6 లక్షల సరుకుకు 3 లక్షలకే బీమా ఉందని, నష్టం లెక్కగట్టడానికి వచ్చిన బీమా సర్వేయరు తేల్చారు. సగం విలువకే బీమా చేసినవారికి నష్టంలోనూ సగమే దక్కుతుందన్న నియమం ప్రకారం, 4 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికొచ్చాయి. వెనుక ఇంట్లో పెట్టిన మూటల చిరునామా పాలసీలో లేదు కనుక వాటికి పైసా రాలేదు. ఆ కాగితాన్ని సంతకం పెట్టే ముందు మాకు చదివి వినిపించినవారు ఒక్కరూ లేరు. 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఇళ్లకు ఈ కోత లేదు. భవనానికి చేసిన బీమాలో 20 శాతం మేర, 10 లక్షలకు మించకుండా, ఇంట్లోని సామానుకూ దానంతటదే రక్షణ లభిస్తుంది. నది దగ్గర ఇల్లున్న ప్రతివారూ దాని గురించి విచారించాలని నా మనవి.

అయితే బీమా నీటిని ఆపదు. వరద మైదానాల్లో ఎక్కడ ఏమి కట్టవచ్చో నిర్ణయించే నమూనా బిల్లును కేంద్ర జల సంఘం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, అప్పటి జమ్మూ కాశ్మీర్ చట్టాలు చేసుకున్నాయి. మన రాష్ట్రం చేయలేదు. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలన్నది అందులోని ఆలోచన. వందేళ్ల వరద అంటే వందేళ్లకు ఒకసారి వచ్చేదని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశమున్న వరద. 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26.

అమెరికాలో 1968 నుంచి నడుస్తున్న జాతీయ వరద బీమాలో, ముంపు ప్రాంతపు నిర్మాణ నియమాలను ఊరు ఒప్పుకుంటేనే అక్కడివారికి ఆ బీమా దొరుకుతుంది. ఆ పథకం అప్పుల్లో కూరుకుపోయిన మాట నిజమే అయినా, బీమానూ కట్టడాల అనుమతినీ ఒకే ముడి వేయడం మనకు పనికివచ్చే పద్ధతి.

2009 నీటి మట్టాన్ని వార్డువారీగా కొలిచి, ప్లాను అనుమతిలోనూ, అమ్మకపు దస్తావేజులోనూ, బ్యాంకు అప్పు పత్రాల్లోనూ రాయాలి. రిజిస్ట్రేషను ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే స్థలంపై ఎవరి తాకట్టు ఉందో తెలుస్తుంది గాని, నది ఎంత ఎత్తున వచ్చి వెళ్లిందో తెలియదు. హంద్రీ ఒడ్డున గుడిసెలు వేసుకున్నవారిపై ప్రీమియం భారం వేయడం మాత్రం అన్యాయం; వారికి ఎత్తైన చోట స్థలం ఇవ్వాలి, అంతవరకు ప్రీమియాన్ని ప్రభుత్వమే కట్టాలి.

పోయిన నెలలో హంద్రీ పక్కన స్థలం కొనబోతున్న దూరపు బంధువు ఒకరు రోడ్డు వెడల్పు, వాస్తు, బోరు లోతు అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఆయనను మా దుకాణంలోకి తీసుకెళ్లి, నిచ్చెన వేసి ఆ పట్టీని చూపించాను.