తేమ శాతమే నా స్టేట్‌మెంట్

పబ్లిక్ పాలసీ, అంటే సర్కారు విధానాల చదువు, దాంట్ల మాస్టర్స్‌కి అప్లై చేసిన. బెంగళూరు నేషనల్ లా స్కూల్, ఐఐటీ బాంబే, హైదరాబాద్ల కౌటిల్య స్కూల్. ఫారాలు, ఫీజులు ఎట్లనో అయినయ్. "ఈ కోర్సు నీకెందుకు?" అనే స్టేట్‌మెంట్ కాడనే అసలు పని. ఎవరిది చూసినా దేశసేవతోనే మొదలైతది, నాకైతే చదవంగనే నిద్రొస్తది.

నేను మా వరంగల్ ఏనుమాముల మార్కెట్ గురించి రాసిన. పత్తిల తేమ 8 శాతం దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ ధర కోస్తది, 12 దాటితే కొననే కొనదు. నవంబర్ల మంచు పడ్డ పత్తి ఎంతని ఆరుతది? తేమ మిషన్ పత్తిల గుచ్చంగనే బాపు కండ్లు ఆ నంబర్ మీదనే. 13 అని పడ్డదో, పక్కనున్న దళారి మొఖం వెలిగిపోతది. 2024-25ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,521 రూపాయలు. అది చేతికి రాకుంట ఆపింది ఆ ఒక్క శాతమే.

వానలెక్కువైన ఏడు ఆ 12ను సడలిస్తే నష్టం ఎవరికి? మార్కెట్లనే ఆరబెట్టే షెడ్లేస్తే ఖర్చెంత? ఇవి లెక్కగట్టుడు నేర్చుకోవాలనుంది.

రాసింది బాపుకు చదివి వినిపించిన. "గదంత మంచిగనే ఉంది గని, కొలువొస్తదా బిడ్డా?" అన్నడు. ఇంటర్వ్యూల గూడ గిదే అడుగుతరేమో!