గీత కాదు, దిమ్మె కట్టాలి

టొరంటోలో ఉండే మా పిన్ని కొడుకు సైకిల్ లేన్ల మీద కోర్టు తీర్పొచ్చిన రోజు ఫోన్ చేసి, "మన లేన్ ఉంటుందన్నా, పీకరంట" అన్నాడు. పొలం గట్టు తగాదా కోర్టులో గెలిచినంత సంబరం వాడి గొంతులో.

అక్కడ బ్లూర్ స్ట్రీట్‌లో 2016లో ప్రయోగంగా సైకిల్ లేన్ వేసి, మరుసటి ఏడాది పర్మనెంట్ చేశారు. 2024 నవంబర్లో అక్కడి అంటారియో రాష్ట్ర ప్రభుత్వం ట్రాఫిక్ జామ్‌ల వంకతో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అవెన్యూ, ఈ మూడు రోడ్ల లేన్లూ తీసేయడానికి చట్టం తెచ్చింది. జనం ఊరుకోలేదు. ర్యాలీలు చేశారు, 'సైకిల్ టొరంటో' అనే సంఘం ఇద్దరు మామూలు సైకిలిస్టులతో కలిసి కోర్టుకెక్కింది. 2025 జులై 30న తీర్పొచ్చింది: లేన్లు తీస్తే తొక్కేవాళ్ల ప్రాణాలకు ముప్పు, తీసినందువల్ల ట్రాఫిక్ తగ్గుతుందనడానికి సరైన ఆధారమూ లేదు, కాబట్టి ఇది రాజ్యాంగానికి విరుద్ధం అని. ప్రభుత్వం అప్పీలుకు పోతామంది, అది వేరే సంగతి.

ఇక్కడ నెల్లూరులో నేను వేదాయపాళెం నుంచి ట్రంక్ రోడ్డు దాకా రోజూ సైకిలే. మొన్న గాంధీబొమ్మ దగ్గర వెనక నుంచి వచ్చిన ఆటో అద్దం నా హ్యాండిల్‌కి తగిలి, కాలు కింద పెట్టేలోపు పక్కనున్న పండ్ల బండి మీద పడ్డాను. నాకేం కాలేదు గానీ రెండు డజన్ల అరటిపళ్లు కొనాల్సొచ్చింది. ఆటో అతను ఆగి, "ఈ ట్రాఫిక్‌లో సైకిలేందన్నా" అని నన్నే అడిగాడు!

సైకిలంటే సరదాకి తొక్కేదనుకుంటారు చాలామంది. పొద్దున ఆరింటికి మినీ బైపాస్ మీద నిలబడి చూడండి. హ్యాండిల్‌కి క్యారేజీ, వెనక సంచిలో తాపీ పెట్టుకుని పనికిపోయే మేస్త్రీలు, డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు. బడికొస్తా పథకంలో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు, బాగానే ఉంది, మరి అవి తొక్కాల్సింది ఏ రోడ్డు మీద? లారీల పక్కనేగా.

మన ఊళ్లోనూ సైకిల్ లేన్ వేస్తే షాపుల ముందు పార్కింగ్ పోతుంది, గిరాకీ పడిపోతుందంటారు. మా మామది బట్టల కొట్టు, ఆయన బాధ నాకు తెలుసు, ఇంట్లో ఈ మాటెత్తితే అన్నం తిననివ్వడు. బ్లూర్‌లోనూ కొందరు షాపులవాళ్లు ఇదే అన్నారంట. పైగా లేన్ వేసినా నిలవాలి కదా, బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో 2020లో ప్లాస్టిక్ కడ్డీలు పాతి సైకిల్ లేన్ వేస్తే, వాటిని పట్టించుకున్నవాళ్లు లేక చాలాచోట్ల అవే విరిగిపోయాయి.

వంగిన హ్యాండిల్ సరిచేయించుకుంటూ ఇదంతా పంచర్ షాపాయనకు చెప్పాను. ఆయన రిమ్ము తిప్పి చూస్తూనే, "గీత గీస్తే అందులో మొదట బండి పెట్టేది నేనే సార్. మోకాలెత్తు దిమ్మె కట్టమనండి, అప్పుడు నేను కూడా వచ్చి అర్జీ మీద సంతకం పెడతా" అన్నాడు.