పానగల్లు నీడ, నా పాత ప్రోగ్రాములు

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి ఇప్పటికి మూడుసార్లు ఫోను వచ్చింది. సున్నం డబ్బా సంగతి, చింతచెట్టు కింది పంచాయితీ ఎవరో ఒకరు తప్పక రాస్తారు కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. నేను రాయదలచినది ఒక్కటే: తొమ్మిదో తరగతిలో సైన్సు సారు మనల్ని సైకిళ్ల మీద నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయిన ఆదివారం.

ఉదయ సముద్రం గట్టున సద్ది డబ్బాల దగ్గర జరిగినది మీకెవరికీ మరుపు రాదు. నా మనసులో నిలిచినది మాత్రం గర్భగుడి గోడ మీద, పొద్దు ఎటు జరిగినా కదలని ఆ నీడ. అది ఫలానా స్తంభానిదేనని మనలో మనం గట్టిగా వాదించుకున్నాం. సారు ఎవరినీ ఔననలేదు, కాదనలేదు. పొడుగోణ్ణి ఒక్కొక్క స్తంభం పక్కన నిలబెట్టారు. నన్ను లోపల కూర్చోబెట్టి చూసినది చూసినట్టు పలకమన్నారు. మానిటర్‌ను ఆ మాటలు పట్టికలో ఎక్కించమన్నారు. "అడ్డం నిలబడితే ఏం మారిందో అదే రాయుండ్రి. ఎందుకు మారిందో ఇప్పుడే రాయకుండ్రి" అన్న ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేరుగా పడే ఎండతో కాక, పక్కల నుంచి చేరే వెలుతురుకు స్తంభాలు అడ్డు రావడం వల్ల ఆ నీడ ఏర్పడుతుందని, దానిని ఏ ఒక్క స్తంభానికీ కట్టిపెట్టలేమని పట్టిక నిండిన తరువాతనే చెప్పారు. కందూరు చోడుల నాటి ఆ గుడి ఎలా పనిచేస్తున్నదో, ఒక్క రాయీ కదపకుండా మనం తెలుసుకున్నాం.

ఇంటర్, డిగ్రీ, హైదరాబాదులో అద్దె గదులు అందరివీ ఒకటే. ఇరవై ఏళ్లకు పైగా నా ఉద్యోగం ఇతరులు రాసిపెట్టి వెళ్లిన ప్రోగ్రాములను చదవడం, సరిచేయడం. అవి కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన బీమా లెక్కలు. రాసినవారిలో చాలామంది రిటైరయ్యారు, కాగితాలు సగం దొరకవు, కానీ ప్రతి రాత్రీ ఆ లెక్క తప్పకుండా నడవాలి. కొత్తది రాసేవాడికి ఉన్న పేరు ఈ పనికి లేదు, అయినా దీని మీద నాకున్న గౌరవం ఏనాడూ తగ్గలేదు.

ఒకసారి టీమ్‌లోని కుర్రవాడొకడు, సంవత్సరాన్ని 40తో పోల్చే ఒక షరతును చూపించి, ఇది దండగ, తీసేద్దామన్నాడు. 1973 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కెన్ థాంప్సన్ రాసిన, ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్రెప్‌తో వెతికితే అదే 40 మరెన్నో ఫైళ్లలో కనిపించింది. ఏ వరుస ఎవరు, ఎప్పుడు మార్చారో, ప్రోగ్రాముల మార్పుల చరిత్ర దాచే గిట్‌లోని బ్లేమ్ చూపిస్తుంది. కానీ గిట్ పుట్టినదే 2005లో, ఈ వరుస అంతకన్నా పాతది కావడంతో దాని చరిత్ర మాకు దక్కలేదు. అప్పుడు నేను సారు పద్ధతినే పట్టాను. ప్రోగ్రాము ఈనాడు ఏ ఇన్‌పుట్‌కు ఏ జవాబు ఇస్తున్నదో, అది తప్పైనా ఒప్పైనా, ఉన్నదున్నట్టు టెస్టులుగా రాయించాను. వీటిని క్యారెక్టరైజేషన్ టెస్టులు అంటారు. ఆ తరువాత విడి కాపీలో షరతును తీయించి చూస్తే, 1985లో మొదలై 2010లో తీరవలసిన పాలసీ 1910లోనే, అంటే పుట్టకముందు 75 ఏళ్ల కిందటే, తీరిపోయినట్టు వచ్చింది. స్థలం పొదుపు కోసం సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచిన రోజుల నుంచి వచ్చిన చిక్కు అది. 40కి లోపు అంకె వస్తే 2000 కలపాలని, లేదంటే 1900 కలపాలని, 2000 రాగానే తేదీలు తారుమారవుతాయన్న వై2కె భయం కాలంలో పేరు తెలియని ఒక ప్రోగ్రామర్ పెట్టిన కాపలా ఆ షరతు. దాన్ని అలాగే ఉంచి, ఎందుకున్నదో పక్కన వివరంగా రాయించాను. ఆ కుర్రవాడే ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు టెస్టులు రాయడం నేర్పుతున్నాడు.

నేడు నా కింద పదకొండు మంది పనిచేస్తున్నారు. ఈ జీతంతోనే నల్లగొండలో అమ్మకు ఇల్లు కట్టించగలిగాను. గృహప్రవేశానికి సారు వచ్చి భోజనం చేసి వెళ్లారు.

మానిటర్‌కు ఒక మనవి. పానగల్లు పట్టిక ఉన్న ఆ అట్ట చిరిగిన నోటుబుక్కు నీ దగ్గరే ఉండాలి. సమ్మేళనానికి తప్పకుండా తీసుకురా. ఫొటో తీసి మా టీమ్ గదిలో పెట్టుకుంటాను.