సెల్లార్‌లో ఎపాక్సీ: ఇసుక, యాసిడ్, వేడి టైర్లు

పార్కింగ్ సెల్లార్‌లో బూడిద రంగు ఎపాక్సీ వేయించిన కొత్తలో అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి వాచ్‌మన్ చేతిలో బాత్రూమ్ యాసిడ్ సీసా కనిపిస్తుంది. ఆ మధ్యలో ఏం జరిగిందో చూస్తే సగం ఫ్లోరింగులు బండ్లు తిరిగి కాదు, కడగడం తెలియక పోతున్నాయని అర్థమవుతుంది.

ముందు అది ఏమిటో తెలియాలి. టైల్ అంటే 8–10 మిల్లీమీటర్ల కాల్చిన మట్టి. ఎపాక్సీ అంటే రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్ కలిపి కాంక్రీటు మీద పరిచిన ప్లాస్టిక్ పొర. పోస్తే తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ రకమైతే 2–3 మి.మీ. ఉంటుంది. మామూలు రోలర్ కోటింగ్ అయితే 300 మైక్రాన్లు, అంటే నోటు పుస్తకంలో నాలుగు కాగితాల మందం. దాన్ని టైల్‌లా బరబరా రుద్దితే నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు పీచుతో తోమినట్టే.

వేసిన వెంటనే ఓపిక పట్టాలి. 30 డిగ్రీల ఎండల్లో 24 గంటలకు నడవొచ్చు. కానీ రసాయనికంగా పూర్తిగా గట్టిపడటానికి 7 రోజులు పడుతుంది. ఆ వారం నీళ్ళతో కడగొద్దు, కార్లు ఎక్కించొద్దు. వానాకాలంలో వేయించిన చోట మర్నాటికి తెల్లగా, మైనం పూసినట్టు పొర కనబడితే అది గాలిలో తేమకు హార్డనర్ పైకి తేలి కట్టిన పొర. నేల గట్టిపడ్డాక గోరువెచ్చటి నీళ్ళతో, మెత్తటి పీచుతో తుడిస్తే పోతుంది. దాన్ని తుడవకుండా పైన రెండో కోటు వేస్తే మాత్రం ఆ కోటు పొరలు పొరలుగా లేచిపోతుంది.

రోజువారీ శత్రువు ఇసుక. ఇసుక రేణువు ఎపాక్సీ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. టైరు కింద, చెప్పు కింద పడి సన్నని గీతలు గీస్తూ పోతుంది. మెరుపు పోవడం అంటే ఈ గీతలే. అందుకే కడగడం కన్నా ఊడ్చడం ముఖ్యం. పుల్లల చీపురు పెద్ద చెత్త లాగుతుంది గాని సన్న ఇసుకను వదిలేస్తుంది. రెండడుగుల వెడల్పు మైక్రోఫైబర్ మాప్‌ను పొడిగా, ఎత్తకుండా ఒకే దిక్కుకు తోసుకుంటూ రోజుకొకసారి తిప్పాలి. ర్యాంప్ దిగే చోట మ్యాట్ గానీ జాలీ గానీ వేయించండి, పొడవు 2 మీటర్లకు తగ్గకూడదు. కారు చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2 మీటర్లు, కాబట్టి అంతకంటే పొట్టి మ్యాట్ మీద టైరులో కొంత భాగం ఆననే ఆనదు.

కడగడం వారానికొకసారి చాలు. పీహెచ్ 7–9 మధ్య ఉండే న్యూట్రల్ ఫ్లోర్ క్లీనర్ తీసుకోండి. పాళ్ళు సీసా మీద ఉంటాయి, మామూలుగా 10 లీటర్ల నీళ్ళకు 50–100 మి.లీ. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో మందు నీళ్ళు, ఇంకోదాంట్లో మాప్ జాడించే నీళ్ళు. ఒకే బకెట్‌తో సెల్లార్ మొత్తం తుడిస్తే నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి బురదనే పూస్తున్నారన్న మాట. మందు నీళ్ళు ఐదు నిమిషాలు నాననిచ్చి, ఆరిపోకముందే రబ్బరు వైపర్‌తో లాగి, మంచి నీళ్ళతో ఇంకోసారి తుడవాలి. స్క్రబ్బర్ మెషీన్ ఉంటే తెల్ల లేదా ఎర్ర ప్యాడ్ వేయండి. నల్ల ప్యాడ్ పాత పూత ఊడగొట్టడానికి తయారైనది, ఎపాక్సీ మీదకు దాన్ని రానివ్వొద్దు. నీళ్ళు మరీ వేడిగా కూడా వద్దు. 60 డిగ్రీలు దాటితే ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, స్టీమ్ క్లీనర్ అయితే అంచుల దగ్గర లేపేస్తుంది. వానకు సెల్లార్‌లోకి నీళ్ళొచ్చి ఒండ్రు పేరుకుంటే ఎండనిచ్చి గీకకండి. తడిగా ఉండగానే పైపుతో నీళ్ళు కొడుతూ వైపర్‌తో తోసేయాలి.

ఇప్పుడు ఆ యాసిడ్ సంగతి. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఎపాక్సీ కాసేపు తట్టుకుంటుంది, అందుకే మొదటిసారి పోసినప్పుడు ఏమీ కాలేదనిపిస్తుంది. అసలు నష్టం కంటికి కనబడని చోట. సన్న పగుళ్ళలోంచి, సూది బెజ్జాల్లోంచి యాసిడ్ కిందకి దిగి కాంక్రీటును తింటుంది. పగులు వెంబడి బుసబుసమని నురగ వస్తే సిమెంటు కరుగుతోందని గుర్తు. కింద నేల పిండి అయ్యాక పైపొర ఎంత మంచిదైనా దేన్ని పట్టుకుని నిలబడుతుంది? వెనిగర్ మరో భ్రమ. అందులో ఉండే అసిటిక్ యాసిడ్ లాంటివి ఎపాక్సీనే మెత్తబరుస్తాయి. సర్ఫ్ పొడి ఆరాక తెల్లటి చార, జారుడు మిగులుస్తుంది. తెల్ల ఫినాయిల్ జిడ్డు పొర వదిలి దుమ్మును పట్టి ఉంచుతుంది. బ్లీచింగ్ ద్రావణం నిలవుంటే రంగు చెడుతుంది. దాన్నీ యాసిడ్‌నీ కలిపితే వచ్చేది క్లోరిన్ గ్యాస్, గాలి ఆడని సెల్లార్‌లో అది ప్రాణం మీదకు తెస్తుంది.

మరకల విషయంలో గంటలు లెక్క. ఇంజన్ ఆయిల్ కారితే రంపపు పొట్టు చల్లి, పీల్చాక ఊడ్చి, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌ను సీసా మీది పాళ్ళలో కలిపి తుడవాలి. బ్యాటరీ యాసిడ్ చిందితే లీటరు నీళ్ళలో 50 గ్రాముల వంటసోడా కలిపి పోయండి. బుడగలు ఆగేవరకూ పోసి, తర్వాత నీళ్ళతో కడగాలి. పెయింటు మరకకు థిన్నర్ వాడేవాళ్ళు గుడ్డకు అద్ది తుడిచి వెంటనే ఆరనివ్వాలి, నేల మీద పోయకూడదు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా యూనిట్లలో పనిచేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు: డైక్లోరోమీథేన్ అనే ద్రావకం కాసేపు నిలిచిందంటే అక్కడ పొర ఉబ్బి, గోటితో లేపితే వచ్చేస్తుంది.

మన సెల్లార్లకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది. వినాయక చవితి మండపం, వ్రతం భోజనాలు అన్నీ అక్కడే. సాంబారు చిందితే పసుపు పట్టుకుంటుంది. దాని మీద సోడా, సబ్బు వేశారో పారాణి కలిపినట్టు ఎర్రబడుతుంది. ముందు మామూలు నీళ్ళతో తుడిచి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూది పావుగంట వేసి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. కర్పూరం, సాంబ్రాణి నేల మీదే వెలిగిస్తే పడే మచ్చ మాత్రం మరక కాదు, కాలిన గాయం. ఏ మందుతోనూ పోదు. కింద ఒక ఇటుక పెడితే సరిపోయేది.

టైర్ల నల్ల మచ్చలు రెండు రకాలు. పైన అంటిన రబ్బరైతే డీగ్రీజర్, తెల్ల ప్యాడ్‌తో పోతుంది. కారు రోజూ ఆగే నాలుగు చోట్లా గోధుమ రంగు మచ్చ పడితే టైరులోని నూనె పదార్థం ఎపాక్సీలోకి ఇంకిపోయిందని అర్థం. అది రాదు. హైవే మీద తిరిగొచ్చిన వేడి టైరు పొరను మెత్తబరిచి, చల్లారేటప్పుడు బిగుసుకుని, మర్నాడు కారు తీసేటప్పుడు పలచటి కోటింగ్‌ను పెళ్ళగా లాగేస్తుంది కూడా. ఆ నాలుగు చోట్లా రబ్బరు మ్యాట్ మాత్రం వేయకండి, దాని నుంచీ అదే మరక దిగుతుంది. టైల్ ముక్కలు మేలు. బైకు సైడ్ స్టాండు కిందకీ అదే, లేకపోతే ఎండాకాలంలో గుంట పడుతుంది.

పొర లేస్తే ఊడిన పెళ్ళను తిప్పి వెనక వైపు చూడండి, చాలా సంగతి అక్కడే ఉంటుంది. సిమెంటు పొడి అంటుకుని ఉంటే కింది కాంక్రీటు పైభాగం బలహీనం. నున్నగా, శుభ్రంగా ఉంటే వేసేముందు నేలను సరిగ్గా గ్రైండింగ్ చేయలేదు. పొక్కు పొడిస్తే నీళ్ళు వస్తే కింది నుంచి తేమ ఎక్కుతోంది. తేమ అనుమానం ఉంటే పొర తీసిన కాంక్రీటు మీద అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు వేసి 16 గంటలు వదలండి. షీటు కింద చెమ్మ పట్టినా, నేల నల్లబడినా పైన ఎంత ఖరీదైన ప్యాచ్ వేసినా దండగ.

ప్యాచ్ వేసేటప్పుడు గట్టిగా అంటుకున్న అంచు దొరికేవరకు కోసి, చతురస్రంగా టేపు కొట్టుకుని, గ్రైండ్ చేసి, వాక్యూమ్‌తో దుమ్ము లాగి ప్రైమర్ వేయాలి. రెసిన్‌ను ముందు ఒక్కదాన్నే కలపండి, రంగు అడుగున పేరుకుని ఉంటుంది. తర్వాత హార్డనర్ మొత్తం పోసి నెమ్మదిగా మూడు నిమిషాలు తిప్పి, వేరే డబ్బాలోకి వంపి ఇంకో నిమిషం తిప్పాలి. త్వరగా ఆరుతుందని హార్డనర్ ఎక్కువ పోసే మేస్త్రీలు ఉంటారు. ఫైబర్ పనిలో ఆ లెక్క నడుస్తుందేమో గానీ ఎపాక్సీలో పాళ్ళు తప్పితే నెలైనా జిగురుగానే ఉంటుంది. కలిపాక డబ్బాలో ఉంచకుండా వెంటనే నేల మీదకు వంపేయాలి, డబ్బాలోనే ఉంటే తనంతట తానే వేడెక్కి పొగలు కక్కి గడ్డకడుతుంది. ఎక్స్‌పాన్షన్ జాయింట్లను (కాంక్రీటు వ్యాకోచించడానికి వదిలిన సందులను) మాత్రం ఎపాక్సీతో పూడ్చొద్దు, అక్కడ సాగే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వేయాలి.

మెరుపు పూర్తిగా పోయినా పొర గట్టిగానే ఉంటే మొత్తం పీకించక్కర్లేదు. 100 నంబరు సాండ్‌పేపర్‌తో మెషీన్ తిప్పి ఎక్కడా మెరుపు మిగలకుండా మసకబరిచి, దుమ్ము తీసి, పైన ఒక టాప్ కోటు వేస్తే చాలు. థిన్నర్ లేని రకమైతే 1,000 చదరపు అడుగులకు 150 మైక్రాన్ల మందానికి 14 లీటర్లు పడుతుంది, వృథాతో 16 అనుకోండి. కొటేషన్‌లో 5 లీటర్లు రాసి అదే మందం వస్తుందంటే నమ్మకండి. ర్యాంప్ దగ్గర ఎండ తగిలే భాగానికి ఎపాక్సీ టాప్ కోటు వేస్తే పసుపు రంగుకు తిరిగి పొడి రాలుతుంది, అక్కడ ఎండను తట్టుకునే ఆలిఫాటిక్ పీయూ అడగండి.