పడవలో ఉండేవాళ్లకు ఆదివారం ఫోను

ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర కాగానే దేవరకొండలో మా అమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించుకొని కూర్చుంటుంది. ఇంగ్లాండులో మాకప్పుడు వేసవిలో తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. మేముండేది అక్కడి కాలువలపై తిరిగే ఏడడుగుల వెడల్పు ఉక్కు పడవలో. సొంతంగా కట్టేసుకునే చోటు లేని పడవ ఒకే దగ్గర మామూలుగా 14 రోజులకు మించి ఉండరాదని 1995 నాటి చట్టం చెబుతుంది కాబట్టి, ఈ వారం అమ్మ ముఖం కనబడుతుందా లేదా అన్నది మేము చేరిన ఒడ్డును బట్టి ఉంటుంది.

ఉక్కు గోడలు సిగ్నల్‌ను లోపలికి రానివ్వవు. కిటికీ దగ్గర రెండు గీతలు చూపే ఫోను నాలుగడుగులు ఇవతలికి జరిగితే ఒక్కటీ చూపదు. అందుకే కప్పు మీద యాంటెన్నా బిగించి, దాని తీగను లోపలున్న, సిమ్ కార్డుతో ఇంటర్నెట్ ఇచ్చే రౌటర్‌కు కలిపాను. తీగ పొడవెక్కువైతే అందిన సిగ్నల్ దారిలోనే తరిగిపోతుందని తెలియక, పది మీటర్ల తీగ వేసి మూడు నెలలు టవర్‌ను తిట్టుకున్నాను. ఉపగ్రహాల నుంచి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ కూడా పెట్టి చూశాము. దాని ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి మాట వెంటనే అందుతుంది గాని, చెట్ల కింద పడవను కట్టేస్తే మాటిమాటికీ తెగిపోతుంది. పైగా డిసెంబరు ఎండకు సోలార్ పలకలు ఇచ్చే కొద్దిపాటి కరెంటును అదే తాగేస్తుంది.

ఇంత తిప్పలెందుకు, సిగ్నల్ ఉన్నప్పుడు వాయిస్ మెసేజ్ పంపితే సరిపోదా అని మిత్రులు అడుగుతారు. అదీ చేశాము. మా ఎనిమిదేళ్ల వాడు పాఠం అప్పజెప్పినట్టు రెండు వాక్యాలు చెప్పి ఊరుకునేవాడు. వాడి తెలుగు కదలాలంటే నాయనమ్మ మధ్యలో అడ్డుపడాలి.

ఒక ఆదివారం వాడు, "నాయనమ్మా, బోటు ఇక్కడ పార్క్ చేశాం" అన్నాడు.

"పార్క్ చేసుడేంది బిడ్డా, కట్టేసినం అనాలె. బర్రెను కట్టేస్తలేమా?"

వాడు ఫోనును కిటికీలోంచి బయటికి చాపి, ఒడ్డు మట్టిలో దిగ్గొట్టిన ఇనుప మేకును, దానికి చుట్టిన తాడును చూపించాడు. అమ్మ కళ్లద్దాలు సవరించుకొని, "అగో, గుంజ!" అన్నది.

ఇప్పుడు కొత్త ఒడ్డుకు చేరగానే వాడు ఫోను పట్టుకొని కప్పు మీదికెక్కి ముందు గీతలు లెక్కపెడతాడు. మూడు కనబడితే చాలు, సుత్తి పట్టుకొని నిలబడ్డ నాకు పైనుంచి కేక వేస్తాడు: "నాయినా, ఈడ కొట్టు గుంజ!"